నట్టు తిప్పాలి, ఒళ్ళు కాదు

సెప్టెంబర్ 22

వాన జాడ లేదు. గదిని ఇరవై మూడు డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి ఏసీ నానా తంటాలు పడుతోంది. బయట ముత్తుకూరు రోడ్డు మీద బొగ్గు లారీలు. కిటికీ అంచు తుడిచిన గుడ్డ మసిగుడ్డయింది. ఇక్కడ ల్యాబ్ పెట్టాలని ఎవరికి తోచిందో అని విసుక్కుంటాను అప్పుడప్పుడు. సుధాకర్ సార్‌కే తోచింది. పోర్టు ఉంది, రాడార్లున్నాయి, పడవల వైర్‌లెస్ సెట్లున్నాయి, కొలిచేవాళ్ళు లేరు — అంతే ఆయన లెక్క.

ఎల్లుండి పెట్టె వస్తుంది. కొరియర్ వాడు ఫోన్ చేశాడా అని సార్ అప్పుడే రెండుసార్లు అడిగారు.

అన్నం దగ్గర మా ఆయన ప్రభు కూడా అడిగాడు. "ఏందది, పెట్టె పెట్టె అంటా ఉండావు?"

చెప్పాను. ఒక పవర్ సెన్సర్. రాడార్లూ టవర్లూ ఎంత పవర్ పంపుతున్నాయో చూపించేది. అదే సెన్సర్ ఐదు ల్యాబులు తిరుగుతుంది, దీన్ని రౌండు అంటాం. అది ఎంత సరిగ్గా చూపిస్తోందో ప్రతి ల్యాబూ కొలవాలి. వచ్చిన అంకె పక్క ల్యాబుకి చెప్పకుండా, ఈ రౌండు నడిపే బెంగళూరు వాళ్ళకి పంపాలి. చివర్లో వాళ్ళు అందరి అంకెలూ పక్కపక్కన పెడతారు. ఎవరిది మరీ దూరంగా ఉంటే వాళ్ళు ఇక సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టడానికి లేదు.

ప్రభు ముఖంలో ఏమీ కదల్లేదు. పోర్టులో క్రేన్ నడిపేవాడికి తూకం భాషలో చెప్పాలి. ఒకే మొలగొలుకుల బియ్యం మూటని ఐదు కొట్లలో తూయించినట్టు, ఏ కాటా మంచిదో తెలియడానికి, అన్నాను.

పప్పు కలుపుకుంటూ ఆలోచించాడు.

"దార్లో మూటకి చిల్లి పడితే?"

దాని సంగతి వాళ్ళు చూసుకుంటారులే అన్నాను.

సెప్టెంబర్ 24

పెట్టె వచ్చింది. చెన్నై ల్యాబ్ నుంచి. స్పాంజి మధ్య సెన్సర్, అరచేతిలో పట్టేంత. భూతద్దం కింద పెట్టి చూశాను. మధ్యలో పిన్ను, బంగారు పూత, ఒక్క గీత లేదు. పొడవు గేజితో చూశాను, సరిగ్గా ఉంది.

సార్ నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నారు. ఇలాంటివి వచ్చినప్పుడు ఆయన వయసు సగం అవుతుంది. "ఒకసారి పెట్టి చూద్దామా" అన్నారు. గది వేడికి అలవాటు పడేదాకా ముట్టుకోకూడదని నాకు నేర్పింది ఆయనే. రేపు చూద్దాం సార్ అన్నాను. సరే సరే అన్నారు, దొరికిపోయినట్టు.

ఐదింటి బస్సుకి వచ్చేశాను. తాళం తను వేస్తానని ఆయన ఉండిపోయారు.

సెప్టెంబర్ 25

మొదలు. బిగించు, ఆగు, చదువు, విప్పు. కొంచెం తిప్పి మళ్ళీ బిగించు. రోజంతా ఇదే.

ఈ పనిలో నాకు నచ్చేది ఒకటుంది. పై ఫ్రీక్వెన్సీల పవర్‌ని నేరుగా ఎవరూ చూడలేరు. అది సెన్సర్‌ని ఎంత వేడెక్కించిందో చూస్తాం. తర్వాత మనకు బాగా తెలిసిన మామూలు కరెంటుతో అంతే వేడెక్కించి, ఇదీ అదీ సమానం అంటాం. అందుకే బిగించాక చెయ్యి తీసేసి దూరంగా కూర్చోవాలి. చేతి వేడి కూడా పవరే.

కింది ఫ్రీక్వెన్సీల్లో అంకెలు చక్కగా కూర్చున్నాయి. పైకి పోయే కొద్దీ చెదురుతున్నాయి. మొదటి రోజు కదా.

సెప్టెంబర్ 26

కరెంటు పోయింది. వచ్చింది. పోయింది. గది వేడెక్కింది. ఇవాళ్టి కొలతలన్నీ కొట్టేశాను.

ఖాళీగా ఉండటమెందుకని పడవల సెట్లు బాగుచేసే మెకానిక్ ఇచ్చిన వాట్‌మీటర్ చూశాను. ఇరవై ఐదు వాట్లు చూపిస్తోంది, నిజంగా వస్తున్నది పదిహేడు. ఫెయిల్ అని రాస్తే ఆయన నొచ్చుకున్నాడు. "సెట్టు పలకతానే ఉంది గదా మేడమ్" అన్నాడు. పలుకుతుంది. ఒడ్డు దగ్గర పలుకుతుంది. సముద్రం లోపలికి పోయాక పడవ వాళ్ళకి మన మాట వినపడుతుంది, వాళ్ళ మాట మనకి వినపడదు. అలా చెబితే అర్థమైంది ఆయనకి. తీసుకుని వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 27

పై ఫ్రీక్వెన్సీల్లో తక్కువ వస్తోంది. చెదరడం కాదు, ప్రతిసారీ తక్కువే.

ముందు కేబుల్ మీద అనుమానం. మార్చాను. అదే. ఉప్పుగాలి మీద అనుమానం. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ బిగించాను. అదే. నా మీద అనుమానం. ఇల్లు చేరి, చపాతీ పిండి కలుపుతూ, ఏం తప్పు చేశానా అని మొదటి నుంచి గుర్తు చేసుకున్నాను. ఏమీ దొరకలేదు.

సెప్టెంబర్ 29

మన సొంత సెన్సర్‌ని పెట్టి చూశాను. కొన్నేళ్ళుగా ఎంత చూపిస్తోందో అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే గదిలో తప్పు లేదు, పరికరాల్లో లేదు, నాలో లేదు.

పై ఫ్రీక్వెన్సీల కొసన నా అంకె 0.931, అసలు పవర్లో సెన్సర్ చూపిస్తున్న వంతు. రాసి, చుట్టూ గీత గీశాను. ఇదే పంపుతాను. ఎవరి అంకె ఎంతైనా కానీ. హాయిగా ఉంది.

సెప్టెంబర్ 30

హాయి ఒక్కరోజు.

టీ తాగుతూ సార్ మామూలుగా అన్నారు, చెన్నై నుంచి వాళ్ళ పెద్దాయన ఫోన్ చేశాడని. పాత స్నేహితుడు. తమకెంత వచ్చిందీ ఊరికే చెప్పాడట. నేను వద్దనేలోపు సార్ నాకు చెప్పేశారు. 0.962. వాళ్ళకంటే ముందు కొలిచిన ల్యాబుకి కూడా ఇంచుమించు అంతేనట.

ఇలా ఫోన్లు తిరుగుతాయని అందరికీ తెలుసు. ఐదుగురూ ఒకరి అంకె ఒకరు చూసుకుని దగ్గర దగ్గరగా రాసుకుంటారు. తర్వాత మీటింగులో ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటారు. సార్ ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ ఫోన్లు ఎత్తలేదు. ఎత్తినా నాకు చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్పారు?

కోపం వచ్చింది. ఆయన మీద నాకు కోపం రావడం నాకే వింతగా ఉంది. విన్నది వినలేదని అనుకోలేను కదా ఇక.

"చూడు మళ్ళా ఒకసారి. కొంచెం అటు దగ్గరికి వస్తాదేమో" అన్నారు, గ్లాసు కింద పెడుతూ. గ్లాసు సాసరు మీద టకటకమంది.

అక్టోబర్ 1

చూశాను. అంకె కాదు, పిన్ను.

భూతద్దం కింద. పిన్ను చుట్టూ సన్నటి గీత, వేలికి ఉంగరం తీసేశాక మిగిలే మచ్చలా. మెరుస్తోంది. అంటే కొత్తది. పెట్టె వచ్చిన రోజు నా కళ్ళతో చూశాను, అది లేదు.

అలాంటి గీత ఎలా పడుతుందో ఈ పని మొదటి రోజే తెలుస్తుంది. బిగించేటప్పుడు సెన్సర్ ఒళ్ళు కదలకుండా పట్టుకోవాలి. తిరగాల్సింది నట్టు ఒక్కటే. ఒళ్ళు కూడా తిరిగిందా, లోపల పిన్ను గీసుకుంటుంది. ఇంజనీరింగ్ అయ్యి కొత్తగా చేరినప్పుడు, నేను సీసా మూత తిప్పినట్టు తిప్పబోతే సార్ నా మణికట్టు పట్టుకుని ఆపారు. "నట్టు తిప్పు. ఒళ్ళు తిప్పమాక." ఆ రోజంతా అదే చేయించారు, ఒక పాడైన సెన్సర్ మీద.

ఆ గది తాళాలు రెండే. ఒకటి నా దగ్గర.

మూటకి చిల్లి పడింది, దార్లో కాదు. మా కొట్లో.

అక్టోబర్ 2

సెలవు. చేపల పులుసు పెట్టాను. మామిడికాయ ముక్కలు వేయడం మర్చిపోయాను. ప్రభు రెండోసారి వడ్డించుకోలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

ఇవాళ చర్చిలో ప్రభురాత్రి భోజనం. సార్ సంఘ పెద్ద కాబట్టి ద్రాక్షరసం ట్రే ఎప్పుడూ ఆయనే పట్టుకుని వస్తారు. ముప్ఫై నలభై బుడ్డి గ్లాసులు, ఒక్కో దాంట్లో గుటకెడు. మగవాళ్ళ వైపు ఇచ్చి మా వైపు తిరిగారు.

గ్లాసులు మోగుతున్నాయి. ఒకదానికొకటి తగిలి, సన్నగా, ఆగకుండా. ఇంతకుముందు కూడా మోగేవా? మోగే ఉంటాయి. నేను వినలేదు.

వరస చివర కూర్చున్న లీలక్క లేచింది. ట్రే రెండో అంచు పట్టుకుంది. చప్పుడు ఆగింది. భార్యాభర్తలిద్దరూ అలా పట్టుకుని వరసలన్నీ తిరిగారు. నా వెనక ఎవరో ఎంత ముచ్చటగా ఉన్నారో అని గుసగుసలాడారు. లీలక్క లేచిన తీరు చూస్తే ఇది మొదటిసారి కాదు.

నా గ్లాసు తీసుకున్నాను. ఆమె నన్ను చూసింది. నేను చూసింది ఆమెకు తెలిసింది.

అక్టోబర్ 6

సార్ అడిగారు, ఎంతదాకా వచ్చిందని. ఇంకా చూస్తున్నానన్నాను. అబద్ధం.

మా తర్వాత సెన్సర్ వైజాగ్ పోవాలి. అక్కడి అమ్మాయి వసంత మెయిల్ పెట్టింది. పెట్టె ఎప్పుడు పంపుతారు మేడమ్, మా ల్యాబుకి ఇదే మొదటి రౌండు, గది సర్దుకుని కూర్చున్నాం, అని. ఆ చివర ఒక నవ్వు బొమ్మ.

నేను 0.962 రాసి పంపానే అనుకుందాం. మేం గట్టెక్కుతాం. ముందు ముగ్గురం ఒక్కమాట మీద ఉంటాం. వసంత తన గదిలో కూర్చుని నిజాయితీగా కొలుస్తుంది, 0.931 వస్తుంది. నాలాగే కేబుల్ మార్చుకుంటుంది, తుడుస్తుంది, తనని తాను అనుమానిస్తుంది. గీత బయటపడేది ఆ అమ్మాయి బల్ల మీద.

ఇంతవరకూ ఆమె ముఖం కూడా చూడలేదు నేను.

నా అంకె ఒక్కటే పంపి నోరు మూసుకుంటే? అదీ చూశాను. అప్పుడు గీత ఎక్కడ పడిందని అందరూ అందరినీ చూస్తారు. సార్‌ని మాత్రం ఎవరూ చూడరు. ఆయన పేరు అలాంటిది.

అక్టోబర్ 8

లీలక్క ల్యాబుకి వచ్చింది. సార్ పోర్టుకి వెళ్ళే రోజు చూసుకునే వచ్చింది. టిఫిన్ డబ్బాలో పులిబొంగరాలు, కారప్పొడి. గదిలోకి తినేవి రాకూడదని ఆమెకు తెలుసు కాబట్టి వసారాలో కూర్చున్నాం.

ఆమె చెప్పింది చాలా. సారాంశం ఇది. పోయిన సంక్రాంతి ముందు నుంచే సార్‌కి చెయ్యి వణుకుతోంది. నెల్లూరులో నరాల డాక్టరుకి చూపించారు. మాత్రలు వేసుకుంటున్నారు, వేసుకున్న కాసేపు బాగుంటుంది. పిల్లలకి కూడా చెప్పలేదు. షేవింగు ఆమే చేస్తోంది. చొక్కా గుండీలు ఆమే పెడుతోంది. ఈ రౌండు బాగా వస్తే సర్టిఫికెట్ల మీద సంతకం నాకు అప్పగించి ఇంట్లో కూర్చోవాలని ఆయన ఆశ. బెంగళూరు వాళ్ళకి నా పేరు ఎప్పుడో రాసి పెట్టుకున్నారట.

నాకు ఆ సంగతి తెలియదు.

అడిగింది మాత్రం ఒక్కటే. "నెమ్మదిగా దిగనీమ్మా ఆయన్ని. పడేయమాక."

తలూపాను. దేనికి ఊపానో నాకే తెలియదు. పులిబొంగరాలు చల్లారిపోయాయి, అయినా బాగున్నాయి.

అక్టోబర్ 9

0.931. 0.962.

మధ్యలో ఏదో ఒకటి రాస్తే? 0.945. ఎవరినీ నొప్పించని అంకె. ఎక్కడా కొలవని అంకె.

ఇంత దూరం ఆలోచించానని రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబర్ 10

ఉదయం రాగానే చెప్పేశాను. పిన్ను మీద గీత ఉంది సార్, వచ్చిన రోజు లేదు.

ఆయన భూతద్దం ముందు కూర్చుని చాలాసేపు చూశారు. చెన్నైలోనే పడి ఉంటుందన్నారు. నేను వచ్చిన రోజే చూశాను సార్ అన్నాను. నువ్వు సరిగ్గా చూసి ఉండవులే అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నాతో ఆ మాట అనడం ఇదే మొదలు.

అల్మారా తెరిచి ఆ పాడైన సెన్సర్ తీశాను, నేను చెయ్యి దిద్దుకున్నది. తెచ్చి ఆయన ముందు పెట్టాను. బిగించండి సార్ అన్నాను. అందులో తప్పు మాట లేదు. కానీ నా గొంతు నాకే నచ్చలేదు.

నా వైపు చూశారు. కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఎడమ చేత్తో ఒళ్ళు, కుడి చేత్తో నట్టు. రెండు చుట్లు బాగానే పోయింది. మూడో చుట్టులో ఎడమ చెయ్యి నిలవలేదు. నట్టుతో పాటు ఒళ్ళూ తిరిగింది. లోపల గీసుకున్న చప్పుడు, చాలా చిన్నది.

ఇద్దరం విన్నాం.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకుని కూర్చున్నారు. 

"పెట్టె వచ్చిన సాయంత్రం, నువ్వు బస్సుకి పోయినాక, నేనే పెట్టి చూసినా."

పాడైన సెన్సర్‌ని విప్పి పక్కన పెట్టాను.

"సెన్సర్ని చూద్దామని గాదమ్మా. నా చెయ్యి ఇంకా పనికొస్తాదా లేదా అని. రీడింగు బాగానే వచ్చింది. అందుకని బాగుండాదనుకున్నా."

కింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే చూసి ఉంటారు. అక్కడ ఏ గీతా తెలియదు.

నాకు ఏడుపొచ్చింది. తేమ మీటరు పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆపుకున్నాను. ఆయన మీద ప్రేమ ఉంది నాకు. మా నాన్న మీద కూడా ఇంత లేదేమో. ఆ చెయ్యే నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఇవాళ నేను చేసింది పని కోసం చేశానా, నన్ను అబద్ధాలకోరును చేశారన్న కోపంతో చేశానా, తెలియడం లేదు.

అక్టోబర్ 11

ప్రభు అడిగాడు, ఒంట్లో బాగాలేదా అని. బాగానే ఉందన్నాను. సార్ సంగతి ఎవరికీ చెప్పకూడదు, ప్రభుకైనా. చెప్పాల్సింది ఆయన.

అక్టోబర్ 13

రిపోర్టు రాశాను. నా అంకెలే. పైకొసన 0.931. కింద ఒక పేరా — పిన్ను మా ల్యాబులో, మా చేతిలో దెబ్బతిన్నది. పై ఫ్రీక్వెన్సీల్లో మా కొలతలు దెబ్బ తగిలిన తర్వాతవి. ఈ సెన్సర్‌ని తర్వాతి ల్యాబుకి పంపకుండా వెనక్కి తీసుకోవలసిందిగా మనవి.

సార్ చదివారు. మళ్ళీ చదివారు.

"మా చేతిలో అన్నావు. ఎవరి చేతిలోనని రాయలేదే?"

ల్యాబంటే అందరం కదా సార్ అన్నాను.

కలం తీసి, మూత పెట్టేసి జేబులో పెట్టుకున్నారు. రేపు చూస్తానని వెళ్ళిపోయారు. సంతకం లేదు.

అక్టోబర్ 14

రాలేదు.

అక్టోబర్ 15

రాలేదు. వాన మొదలైంది, ఈశాన్యం వైపు నుంచి, అడ్డంగా. వాయుగుండమట. రేవులో ఎర్ర జెండా ఎగరేశారని ప్రభు చెప్పాడు. పడవలన్నీ వెనక్కి వచ్చేశాయి. లీలక్క ఫోన్ ఎత్తడం లేదు.

వసంత ఇంకో మెయిల్. ఈసారి నవ్వు బొమ్మ లేదు.

అక్టోబర్ 16

గదిలో తేమ హద్దు దాటింది. డీహ్యూమిడిఫయర్ బక్కెట్టు మూడుసార్లు పారబోశాను. పెట్టె మూసి, ప్లాస్టిక్ చుట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు ఎక్కువే వేశాను. ఇంకేం చేయాలో తోచక మళ్ళీ తెరిచి చూసి మళ్ళీ మూశాను.

ఆయన సంతకం పెట్టకపోతే నేనేం చేస్తాను? ఆయన్ని దాటి బెంగళూరు వాళ్ళకి రాస్తానా? రాస్తాను అనుకుంటున్నాను. అనుకుంటున్నాను అని రాస్తున్నాను, రాస్తాను అని కాదు.

అక్టోబర్ 17

వచ్చారు. గొడుగు బయటే పెట్టి, కాళ్ళు తుడుచుకుని, తల ఆరేదాకా వసారాలో నిలబడి, అప్పుడు గదిలోకి. ఆ పద్ధతులు ఆయన శరీరంలో ఉన్నాయి, వణుకు వాటిని ముట్టుకోలేదు.

రిపోర్టు అడిగారు. నేను రాసిన పేరా కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. సెన్సర్ బిగించినది నేను, గది వేడికి అలవాటు పడకముందే, ఒంటరిగా. కింద పేరు. మొదటి అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. పోను పోను చిన్నవైపోయాయి. చివరి రెండూ చీమ తలలంత. అయినా చదవచ్చు.

ఆయన సంచిలో వేరే కాగితం కూడా ఉంది, సర్టిఫికెట్ల సంతకం నాకు అప్పగించమని. అది కూడా పెట్టమంటావా అని అడిగారు. వద్దు సార్ అన్నాను. ఈ రెండూ ఒక కవర్లో పోకూడదు. బేరంలా ఉంటుంది. ఆయన నవ్వారు, వారం రోజుల తర్వాత.

లీలక్క ఎలా ఉందని అడిగాను. "నీమీద కోపంగా ఉండాది. తగ్గుతాదిలే" అన్నారు.

చెన్నై ఫోను సంగతి రిపోర్టులో లేదు. ఆయన చేర్చలేదు, నేనూ చేర్చలేదు. "నాది చేతి తప్పు, అది నేను ఒప్పుకుంటా, వాడిది వాడు ఒప్పుకోవాల" అన్నారు. సరే అన్నాను. సరేనా? దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

అక్టోబర్ 22

బెంగళూరు నుంచి. పెట్టె నేరుగా తమకే పంపమన్నారు. రౌండు ఆపేశారు. విచారణ అయ్యేదాకా పై ఫ్రీక్వెన్సీ సర్టిఫికెట్లు మేం ఇవ్వకూడదు. ఎంతకాలమో రాయలేదు.

వసంతకి కూడా తెలిసింది. గది సర్దుకుని కూర్చున్నాం మేడమ్, మాదాకా రాకుండానే ఆగిపోయింది, అని రాసింది. బాధగానే ఉంది ఆ అమ్మాయికి. ఇంకో రౌండు వస్తుందిలే అని జవాబిచ్చాను.

అక్టోబర్ 25

పోర్టు వాళ్ళు రాడార్ సెన్సర్లు చెన్నై పంపుతున్నారట. చెప్పడానికి ఫోన్ చేసినాయన మొహమాటపడ్డాడు. నేను పడలేదు.

పడవల మెకానిక్ వచ్చాడు. కొత్త మీటరు తెచ్చాడు. కింది ఫ్రీక్వెన్సీలు మేం ఇంకా చూడొచ్చు. చూశాను. బాగుంది. సర్టిఫికెట్ మీద సార్ సంతకం, చీమ తలలతో సహా.

అక్టోబర్ 29

సార్ ఇవాళ గదిలోకి వచ్చి, మన సొంత సెన్సర్ తన చేత్తో బిగించాలని ఉందన్నారు. 

"నువ్వు ఒళ్ళు పట్టుకో. నేను నట్టు తిప్పుతా."

పట్టుకున్నాను. తిప్పారు. వణుకు నట్టు మీదుగా నా వేళ్ళలోకి వస్తోంది. ఒళ్ళు కదలనివ్వలేదు. చాలినంత బిగిసిందని రెంచి టిక్కుమనేదాకా.

అంకె ఎప్పటిలాగే వచ్చింది.

నవంబర్ 2, ఆదివారం

వాన. చర్చి రేకుల మీద ఒకటే మోత, అయ్యగారి ప్రసంగం సగం వినపడలేదు.

ఇవాళ ట్రే సార్ పట్టుకోలేదు. ఇంకో సంఘ పెద్ద పట్టుకున్నాడు. సార్ మగవాళ్ళ వైపు మూడో వరసలో, మామూలు మనిషిలా కూర్చున్నారు. నేనూ లీలక్కా ఇవతలి వైపు. ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది, పలకరించలేదు. కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు.

ట్రే ఆయన ముందు ఆగింది.

ఇది మేం ఆలోచించుకోలేదు. పట్టుకోవడం మానేశారు సరే, తన గ్లాసు తను తీసుకోవాలి కదా. నిండా రసం ఉన్న బుడ్డి గ్లాసు, చుట్టూ ముప్ఫై గ్లాసులు. ఆడవాళ్ళం లేచి అటు పోవడానికి లేదు. లీలక్క చెయ్యి నా చేతి మీద పడింది, గట్టిగా.

సార్ పక్కన ప్రభు ఉన్నాడు. ప్రభుకి నేనేమీ చెప్పలేదు. అతను తల వంచుకుని ఉన్నాడు, ప్రార్థనలోనో, రాత్రి డ్యూటీ చేసిన నిద్రలోనో.

సార్ చెయ్యి లేచింది. ట్రే పట్టుకున్నాయన ఓపికగా నిలబడ్డాడు. ప్రభు తలెత్తి చూశాడు, ఆ చేతిని.

గ్లాసులు మోగాయో లేదో వాన చప్పుడుకి ఇవతలికి వినపడలేదు.